చిరుదీపములందు విద్యుత్ప్రవాహ నియమనము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



నేను పురాణప్రసంగము చేయుదునని కొందరు తలచి యుందురు. నిర్వాహకులు వేరొకటి కోరిరి. మన గ్రంథాలయపు వెనుకగదిలో సాయంకాలములందు బాలబాలికలు కూడి చిన్న విద్యుద్దీపములను స్వయముగా కట్టుచున్నారు. వానకాలమున చెట్లు తీగలపై కూలి గూడెములందు కరెంటు లేని రాత్రులలో ఈ దీపములే చదువునకు ఆధారము. కాని వానిలో కొన్ని పదునైదు దినములకే ఆరిపోవుచున్నవి. ఒక తల్లి దీపమును త్రిప్పి పంపుచు, "దీనికన్న కిరసనాయిలు బుడ్డియే మేలు" అనినది. ఆ మాట నా చెవిలో ఇంకను ఉన్నది. దోషము దీపమునది కాదు. ప్రవాహమును కొలిచి ఈయక పోవుటయే దోషము.

ఎల్ఇడి యను ఈ దీపము పాతకాలపు తీగబల్బు వంటిది కాదు. ఎఱ్ఱని కాంతి నిచ్చు ఎల్ఇడిని 1962లో నిక్ హోలోన్యాక్ నిర్మించెను. తెల్లని దీపమునకు మూలమైన నీలి ఎల్ఇడిని సాధించిన ముగ్గురు జపాను దేశజులకు 2014లో నోబెల్ బహుమానము వచ్చినది. తీగబల్బులో తీగ వేడెక్కిన కొలది దాని నిరోధము పెరిగి ప్రవాహమును కొంత తానే అడ్డును. ఎల్ఇడికి అట్టి నిగ్రహము లేదు. ఒక హద్దు దాటిన పిమ్మట వోల్టేజి రవంత పెరిగినను ప్రవాహము అనేక రెట్లు పెరుగును. వేడెక్కినచో మరింత త్రాగును. కనుక హద్దును మనమే కట్టవలెను.

మన పడమటి కొండలలో డుడుమ జలపాతపు చెంత 1955 నుండి మాచ్‌ఖండ్ విద్యుత్కేంద్రము పనిచేయుచున్నది. అంత ఎత్తునుండి దిగు నీటిని గొట్టములందు బంధించి, కవాటములతో మితపరచి యంత్రమునకు అందింతురు. భగీరథుని కథయు ఇట్టిదే. గంగ నేరుగా పడిన భూమి భరింపలేదు కనుక శివుడు జటాజూటమున ఆమె వేగమును అణచి విడిచెను. మన దీపమునకు ఆ జటాజూటము రెసిస్టరు. అది అధికమైన వేగమును తన మేన భరించి వేడిగా మార్చును.

ఎంత రెసిస్టరు కావలెనో చెప్పు సూత్రమును 1827లో గియోర్గ్ ఓమ్ ప్రకటించెను. ఆయన తాళములు చేయువాని కుమారుడు, బడిపంతులు. స్వదేశమున ఆదరణ దొరకలేదు. లండను రాయల్ సొసైటీవారు 1841లో కోప్లీ పతకము నిచ్చిరి. లెక్క మన పద్దులకన్న సులభము. 9 వోల్టుల బ్యాటరీ ఆదాయ మనుకొనుడు. ఎఱ్ఱ దీపమునకు 2 వోల్టులు ఖర్చు. శేషము 7. కోరిన ప్రవాహము 20 మిల్లీ ఆంపియర్లు, అనగా 0.02 ఆంపియరు. 7ను 0.02చే భాగింపగా 350 ఓములు. అంగడిలో దొరకు 390 పెట్టినచో ప్రవాహము సుమారు 18. కంటికి భేదము తెలియదు, దీపమునకు ఆయుర్దాయము. వేడి 0.13 వాట్లు మాత్రమే కనుక పావువాటు రెసిస్టరు చాలును.

మన పిల్లలు తప్పుచున్నది ఇచ్చట కాదు, లిథియం బ్యాటరీతో తెల్ల దీపము కట్టునపుడు. ఆ సెల్లు నిండుగా నున్నపుడు 4.2 వోల్టులు, చాలవరకు వాడిన పిమ్మట 3.6. దీపమునకు సుమారు 3.1 కావలెను. 3.6ను బట్టి లెక్కించి 27 ఓములు పెట్టిరనుకొనుడు. నిండు సెల్లుపై ప్రవాహము 40 దాటును. 20కి చేసిన దీపము మాడును. ఎప్పుడును నిండు వోల్టేజిపైననే లెక్క కట్టవలెను. అప్పుడు 56 ఓములు వచ్చును. సెల్లు తగ్గినపుడు వెలుగు సుమారు సగమగును, కాని పుస్తకము కనబడును. గడియారపు నాణెపు సెల్లుకు రెసిస్టరు లేకయే దీపము వెలిగినది గదా యని ఒక బాలుడు వాదించెను. ఆ సెల్లు బలహీనము. దాని లోపలి నిరోధమే అడ్డుకట్ట. ఆ ధైర్యముతో లిథియం సెల్లుకు కట్టరాదు.

మరొక పొరపాటు, నాలుగు దీపములను ప్రక్కప్రక్కన కలిపి అన్నిటికి ఒకే రెసిస్టరు పెట్టుట. నాలుగును అచ్చముగా ఒకటి కావు. తక్కువ వోల్టేజితో వెలుగునది ఎక్కువ ప్రవాహమును లాగి, వేడెక్కి, ఇంకను లాగి ముందుగా చచ్చును; దాని భాగము తక్కిన మూటిపై పడును. త్రిప్పి పంపబడిన దీపము విప్పి చూడగా ఇదియే కనబడినది. రామాయణమున గంగ బిందుసరముకడ ఏడు పాయలైనది. మన పాయ పాయకును ఒక తూము, అనగా దీపమునకొక రెసిస్టరు, ఉండవలెను. దాని వెల ఒకటి రెండు రూపాయలు.

ఒక వాటు దీపములకు సోలారు వారి 12 వోల్టుల బ్యాటరీ వాడువారికి రెసిస్టరు చాలదు. నిండునపుడు అది 14 వోల్టులు దాటవచ్చును. అందుకు ఎల్‌ఎం317 అను మూడుకాళ్ల పరికరము కలదు. అది తన రెండు కాళ్ల నడుమ 1.25 వోల్టులను స్థిరముగా నిలుపును. ఆ నడుమ 3.6 ఓముల, ఒక వాటు రెసిస్టరు పెట్టిన, ప్రవాహము 350 మిల్లీ ఆంపియర్ల యొద్ద నిలుచును. అయితే తనకు 3 వోల్టుల వరకు పన్ను గైకొనును. కావున వరుసగా రెండు దీపములే కట్టుడు, మూడు వలదు. వేడి పోవుటకు అల్యూమినియపు రేకు బిగింపుడు.

ఫ్యూజు ఉన్నది గదా యని వీనిని మానరాదు. ఫ్యూజు ప్రవాహమును మితపరుపదు, మితిమీరినపుడు త్రెంచును. లిథియం సెల్లు రెండు కొసలు తాకినచో నిప్పంటుకొనును. పూరియిల్లు కలవారు వినుడు. ఫ్యూజు అందులకు. ఇంటి 230 వోల్టుల తీగతో ప్రయోగములు ఎవరును చేయరాదు.

గ్రంథాలయమున ఒక మల్టీమీటరు కలదు. దీపము గూడెమునకు వెళ్లుటకు ముందు నిండు సెల్లు పెట్టి, మీటరును వరుసలో కలిపి, ప్రవాహమును కొలిచి, ఆ అంకెను పెట్టె అడుగున వ్రాయుడు. త్రిప్పి పంపిన తల్లికి క్రొత్త దీపము నిన్న వెళ్లినది. దాని అడుగున 18 అని ఉన్నది.