పెద్దనాయన చెప్పిన శక్తిమాన్

ఈసారి కొంచెం రూటు మారుస్తున్నా. కొత్త ఫోన్లు, కొత్త యాప్‌లు పక్కన పెట్టి, చిన్నప్పుడు చూసిన సైన్స్ ఫిక్షన్ సీరియళ్లు, సినిమాలు మళ్లీ పెట్టుకొని చూశాను. శక్తిమాన్, ఆదిత్య 369, వీటన్నిటికీ తాతలాంటి ఒక పాత అమెరికా సీరియల్. వాటి గురించి మాట్లాడుకుందాం.

"అప్పుడు సూపర్ అనుకున్నాం, ఇప్పుడు చూస్తే గ్రాఫిక్స్ ఘోరం" అని వీడియో చేసి నవ్వించడం చాలా ఈజీ. అట్లాంటివి కావలసినన్ని ఉన్నాయి, నేనింకొకటి చేయక్కర్లేదు. నాకొచ్చిన సమస్య వేరే. నాకు గుర్తున్న శక్తిమాన్ కథ, శక్తిమాన్ సీరియల్లో లేదు!

ముందు చిన్నవాళ్ల కోసం రెండు ముక్కలు. శక్తిమాన్ 1997 సెప్టెంబర్‌లో దూరదర్శన్‌లో మొదలైంది, 2005 మార్చి దాకా వచ్చింది. హీరో ముకేష్ ఖన్నా. అంతకుముందు హిందీ మహాభారతంలో భీష్ముడు ఆయనే. మా అవ్వకు మాత్రం ఆయన ఎప్పటికీ భీష్ముడే. ఎర్ర డ్రెస్సులో గిరగిరా తిరుగుతుంటే "ఈ వయసులో భీష్మునికి ఇదేం ఖర్మ" అనేది.

మాది గుడుపల్లె. కుప్పం పక్కన. ఒక పక్క తమిళనాడు, ఇంకో పక్క కర్ణాటక, మధ్యలో మేము. మా వీధిలో తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినపడేవి. వినపడనిది హిందీ ఒక్కటే. అట్లాంటి చోట ఆదివారం మధ్యాహ్నం పన్నెండయ్యేసరికి మా ఇంట్లో పదిమంది పిల్లలు టీవీ ముందు కూర్చునేవాళ్లం. నాకప్పుడు ఆరేడేళ్లు. కరెంటు ఉంటే అదృష్టం, యాంటెన్నా కుదురుగా ఉంటే ఇంకా అదృష్టం. అన్నీ కుదిరి బొమ్మ వచ్చినా, వాళ్లు మాట్లాడేది ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు.

హిందీ వచ్చిన మనిషి ఇంట్లో ఒకరే ఉన్నారని మా నమ్మకం. మా పెద్దనాయన. ఆయన కోలారు బంగారు గనుల్లో లోపలి పని చేసినాడు. గుడుపల్లెలో రైలెక్కి, బంగారుపేటలో దిగి, అక్కడి నుంచి మారికుప్పం బండి పట్టుకొని పోవాలి. వారమంతా అక్కడే లైన్లలో ఉండి, సెలవు దొరికితే ఊరికొచ్చేవాడు. 2001లో గనులు మూతపడ్డాయి. ఆ తర్వాత ఆయనకు వారమంతా ఆదివారమే. ఊళ్లో ఎవరితోనూ పెద్దగా మాట్లాడేవాడు కాదు. శక్తిమాన్ టైముకు మాత్రం మా వెనకాల మంచం మీద కూర్చొని, ఒక్కో డైలాగ్ అయ్యాక దాన్ని మాకు తెలుగులో చెప్పేవాడు.

ఆయన చెప్పిన కథ ఇది. భూమికి చాలా లోతున, గనిలో అన్నిటికన్నా కింది అంతస్తులో కిల్విష్ ఉంటాడు. అక్కడికి కేజ్‌లో దిగాలి. కేజ్ అంటే గనిలో మనుషుల్ని కిందికి దించే లిఫ్ట్. శక్తిమాన్ గిరగిరా తిరిగేది ఎందుకంటే, బోరు వేసినట్టు రాయిని తొలుచుకుంటూ పోవాలి కాబట్టి. డాక్టర్ జైకాల్ కింది మనుషులకు గాలి అందకుండా చేసే ఇంజినీరు. పెద్ద పళ్లు, సోడాబుడ్డి కళ్లద్దాలు పెట్టుకొని తిరిగే గంగాధర్ గని టైం ఆఫీసులో గుమాస్తా, హాజరు రాసేది ఆయనే. గీత ఆ ఆఫీసుకు వచ్చే టీచరమ్మ. ప్రతి ఎపిసోడ్‌లోనూ ఎవరో ఒకరు కింద ఇరుక్కుపోయి ఉంటారు, శక్తిమాన్ వాళ్లను పైకి తెస్తాడు.

మాకు ఎక్కడా అనుమానం రాలేదు. కిల్విష్ ఉండేది నిజంగానే చీకట్లో కదా!

ఒక ఆదివారం సీరియల్ అయిపోగానే మా పక్కింటి పిల్లోడు గడ్డివామి ఎక్కి, చెయ్యి పైకెత్తి, గిరగిరా తిరుగుతూ దూకినాడు. చెయ్యి విరిగింది. మా ఊళ్లోనే కాదు, శక్తిమాన్‌ని చూసి పిల్లలు దెబ్బలు తగిలించుకుంటున్నారని అప్పట్లో పేపర్లలోనూ వార్తలొచ్చాయి. సీరియల్ చివర శక్తిమానే వచ్చి అట్లా చేయొద్దని పిల్లలకు చెప్పేవాడు. చెప్పేది హిందీలో. మాకేం తెలుసు?

తర్వాతి వారం నుంచి పెద్దనాయన కథలో ఒక కొత్త రూల్ వచ్చింది. శక్తిమాన్ ఒంటరిగా దిగడు. పైన ఒక మనిషి కాపలా ఉండాలి, ఆ మనిషి కింద చూసి "సరే" అనాలి, అప్పుడే దూకుతాడు. మా ఆటలోకి ఆ రూల్ వచ్చేసింది. ఎవరు కాపలా అని కొట్లాడుకోవడంతోనే సగం సాయంత్రం అయిపోయేది, దూకడానికి టైం ఉండేది కాదు.

2020కి వద్దాం. లాక్‌డౌన్‌లో దూరదర్శన్ పాత సీరియళ్లు మళ్లీ వేసింది, ఏప్రిల్‌లో శక్తిమాన్ కూడా వచ్చింది. నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వర్క్ ఫ్రమ్ హోమ్ అని ఊరికొచ్చి ఉన్నా. ఆఫీసు పుణ్యమా అని హిందీ వచ్చేసింది. చూస్తున్నా... గని లేదు. కేజ్ లేదు. గంగాధర్ పేపర్ ఆఫీసులో ఫొటోలు తీసేవాడు. గీత రిపోర్టర్. తిరగడానికీ బోరుకూ సంబంధమే లేదు. శక్తులన్నీ యోగం వల్ల, కుండలిని వల్ల, పంచభూతాల వల్ల వచ్చినవి.

అక్కడే కూర్చొని ఉన్న పెద్దనాయన్ని అడిగినా, ఇందులో గని యాడుంది అని.

"నాకు హిందీ యాడ వచ్చురా? ఆవో, జావో, అంతే. మీరు నోరు తెరుచుకొని నా మొగం చూస్తా ఉంటిరి. ఏదో ఒకటి చెప్పల్ల కదా."

అంతే అన్నాడు. మళ్లీ టీవీ చూసుకుంటున్నాడు.

ఇప్పుడు సీరియల్ గురించి నా అభిప్రాయం చెప్తా, ఫ్యాన్స్ తిట్టుకున్నా పర్లేదు. అసలు శక్తిమాన్ సైన్స్ ఫిక్షన్ కాదు, సైన్స్ ఫిక్షన్ డ్రెస్సు వేసుకున్న పురాణం. ల్యాబ్‌లో పనిచేసే జైకాల్ విలన్. మంచివాడికి బలం తపస్సుతో వస్తుంది. తెలుసుకోవాలన్న కుతూహలం అంతా చెడ్డవాడి దగ్గరే పెట్టేశారు. ఇంటర్‌లో ఎంపీసీ తీసుకునే పిల్లకాయలు అంతమంది ఉన్న దేశంలో ఇది భలే విచిత్రం. పెద్దనాయన చెప్పినదాంట్లో కనీసం గాలి ఎట్లా అందుతుంది, తాడు ఎంత బరువు మోస్తుంది అన్న ప్రశ్నలుండేవి.

ఇక ఆ పాత అమెరికా సీరియల్. ఫ్లాష్ గార్డన్, 1936, యూనివర్సల్ కంపెనీ తీసింది. మొత్తం 13 భాగాలు. టీవీ ఇంకా ఇళ్లలోకి రాలేదు కదా, సినిమా హాల్లోనే వారానికొక భాగం వేసేవాళ్లు. ప్రతి భాగం చివర హీరో చచ్చిపోయినట్టే ఉంటుంది, వచ్చే వారం చూస్తే బతికే ఉంటాడు. హీరో బస్టర్ క్రాబ్, 1932 ఒలింపిక్స్‌లో ఈతలో బంగారు పతకం గెలిచిన మనిషి. రాకెట్ తీగకు వేలాడుతూ పోతుంటుంది, అంతరిక్షంలో పొగ వెనక్కి పోకుండా పైకి లేస్తుంది. చూసి నవ్వుకోండి, తప్పులేదు. కానీ అందులో డాక్టర్ జార్కోవ్ అని ఒకాయన ఉంటాడు. సొంతంగా రాకెట్ తయారు చేసుకున్న శాస్త్రవేత్త. కొంచెం తిక్క మనిషి, కానీ మనవాడే, విలన్ కాదు. జార్జ్ లూకాస్ మొదట తీయాలనుకున్నది ఈ ఫ్లాష్ గార్డన్‌నే. హక్కులు దొరక్క సొంత కథ రాసుకున్నాడు, అదే 1977లో వచ్చిన స్టార్ వార్స్.

జార్కోవ్‌ని చూస్తుంటే నాకు గుర్తొచ్చింది మన ప్రొఫెసర్ రామదాసు. ఆదిత్య 369లో టిన్ను ఆనంద్ వేసిన పాత్ర. 1991 జూలైలో వచ్చిన సినిమా అది, సింగీతం శ్రీనివాసరావు కథ, దర్శకత్వం. రామదాసుకు దేవుడి వరం లేదు, మంత్రం లేదు. కష్టపడి టైమ్ మెషిన్ కట్టుకున్నాడు. నాకు తెలిసి తెలుగు పిల్లలకు "నేనూ ఇట్లాంటిది తయారు చేయొచ్చేమో" అనిపించిన మొదటి మనిషి ఆయనే. నేను బీటెక్‌లో చేరడానికి కారణం మా నాన్న పట్టుదల, అది వేరే సంగతి.

ఆదిత్య 369 సినిమానే కానీ, నాకది సీరియల్. ఎందుకంటే చిన్నప్పుడు ఎప్పుడూ మొత్తం చూడలేదు. ఒకసారి కరెంటు పోయేసరికి కృష్ణదేవరాయల కాలం, అంటే 1526 దాకా వచ్చింది. ఇంకోసారి ఎవరింట్లోనో మధ్యలో నుంచి చూశా, అప్పుడు 2504. ఏ ముక్కా ఇంకో ముక్కలా ఉండేది కాదు. దానికి తగ్గట్టే ఆ సినిమాకు ముగ్గురు కెమెరామెన్. పి.సి.శ్రీరామ్ మొదలుపెట్టారు, ఆరోగ్యం బాగోక తప్పుకుంటే రాయల కాలం వి.ఎస్.ఆర్.స్వామి, భవిష్యత్తు కబీర్ లాల్ తీశారు. 2025 ఏప్రిల్‌లో మళ్లీ థియేటర్లలో వేసినప్పుడు మొత్తం ఒకేసారి చూశా. ముక్కలన్నీ అతుక్కునేసరికి, నిజం చెప్తున్నా, కొంచెం వెలితిగా అనిపించింది. మధ్యలో నేను కల్పించుకున్నవి ఎన్నో ఉన్నాయి, వాటికి చోటు లేకుండా పోయింది.

తర్వాత పెద్దనాయనకు ఫోన్లో చూపించా. రాయల సభ అంతా బాగా చూసినాడు. 2504 వచ్చింది. యుద్ధం వల్ల పైన రేడియేషన్, జనమంతా భూమి లోపల కట్టుకున్న నగరంలో ఉంటారు. తెల్లటి గోడలు, చల్లగా, శుభ్రంగా. ఆయన ఫోన్ ఆపేసినాడు.

"ఇంత లోతున ఇంత చల్లగా ఎట్లుంటాదిరా? గాలి యాడి నుంచి దింపుతా ఉండారు?"

కోలారులో గనులు మూడు కిలోమీటర్లకు పైగా లోతు. ఆ లోతులో రాయి చెయ్యి పెట్టలేనంత వేడి. చల్లగాలి కోసం పైన పెద్ద ప్లాంట్లు పెట్టాల్సి వచ్చింది. పైనున్న బరువుకు ఒక్కోసారి రాయి తనంతట తానే పేలుతుంది. ఇవన్నీ ఆయన చెప్పుకుంటూ పోయినాడు. 2504లో ఇళ్లు కట్టినోళ్లు దీన్ని ఎట్లా ఆపినారో ఒక్క సీను పెట్టుంటే బాగుండేది అన్నాడు. నేను విన్న సినిమా రివ్యూల్లో ఇంత బాగున్నది ఇంకొకటి లేదు.

మాటల్లో నేను ఇంకో సంగతి చెప్పినా. 1965లో ఆ గనిలోనే, రెండు కిలోమీటర్లకు పైగా లోతున, బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు జపాన్, ఇంగ్లండ్ వాళ్లతో కలిసి న్యూట్రినో జాడ పట్టుకున్నారు. ఆకాశం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాల వల్ల గాల్లో పుట్టే న్యూట్రినోలు ప్రపంచంలో మొట్టమొదట దొరికిన చోట్లలో అదొకటి. అంత లోతుకు ఎందుకంటే, పైనున్న రాయి మిగతా కణాలన్నిటినీ ఆపేస్తుంది, న్యూట్రినో ఒక్కటే దాటుకొని వస్తుంది. తర్వాత 1980లలో అక్కడే ఇనుప గొట్టాలు వరసలు వరసలుగా పేర్చి, ప్రోటాన్ ఎప్పటికైనా దానంతట అది విరిగిపోతుందా అని కాపలా కాశారు. ప్రపంచంలో ఎక్కడా అది ఇప్పటిదాకా ఖాయంగా కనపడలేదు.

ఈ కథ ఆయనకు కొత్త అనుకున్నా నేను.

"ఆ గొట్టాల రూము నేను చూసినా. బొంబాయి సార్లు వస్తా ఉండిరి. లైట్లు మినుకుమినుకుమంటా ఉంటాయి, లోపల మనిషే కనపడడు. ఇందులో ఏం పడతారు సార్ అని ఒకాయన్ని అడిగితే నవ్వినాడు, చెప్పలే."

మరి కిల్విష్ కూర్చునే రూము?

"అదేరా. అందులో ఎవరుంటారో నాకు తెలిసేది లేదు. అందుకే వానికి ఇచ్చేస్తి."

వచ్చే ఎపిసోడ్‌లో పెద్దనాయన్ని కెమెరా ముందు కూర్చోబెట్టాలని చూస్తున్నా. కొత్త చొక్కా కుట్టించుకోవాలంటున్నాడు. టైలర్ గురువారం ఇస్తానన్నాడట, ఇస్తే ఆదివారం మధ్యాహ్నం పన్నెండుకే పెడతా.