మార్చకూడనిది ముందు తెలుసుకోండి

పట్టాలందుకున్న మీ అందరికీ అభినందనలు.

కాసేపట్లో మీరు తినబోయే అన్నం గురించి నాలుగు మాటలు చెబుతాను.

1855 నాటికి బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పడింది. 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. దాని కింద సుమారు 13 లక్షల ఎకరాల ఆయకట్టు. నీళ్లుంటే సరిపోదు, పండిన గింజకు ధర పలకాలి. బాపట్ల శాస్త్రవేత్తలు 1986లో అందించిన బీపీటీ 5204, మనం సాంబ మసూరి అనే వరి, ఆ పని చేసింది. సన్న గింజ, తినేకొద్దీ తినాలనిపించే అన్నం. రైతు, మిల్లరు, వ్యాపారి ముగ్గురూ దాన్ని నమ్ముకున్నారు.

దానికి ఒక పెద్ద శత్రువు: బ్యాక్టీరియా ఎండాకు తెగులు. సోకితే నమ్మకంగా పనిచేసే మందు లేదు. ఈ రకం మానేసి వేరేది వేసుకోండని రైతుకు చెప్పడం తేలిక. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ), వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు అలా చెప్పలేదు. తెగులును తట్టుకునే మూడు జన్యువులను సాంబ మసూరిలోకి తెచ్చారు. అందులో ఒకదాని పుట్టిల్లు ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరి. ప్రతి తరంలోనూ డీఎన్‌ఏ గుర్తులతో మొక్కలను ఏరి, మళ్లీ మళ్లీ సాంబ మసూరితోనే సంకరం చేశారు. 2008లో మెరుగైన సాంబ మసూరి విడుదలైంది. గింజ అదే, రుచి అదే. తెగులు మాత్రం దాని జోలికి అంత సులువుగా రాదు.

ఆ ఏళ్ల శ్రమలో సగం కొత్త గుణం చేర్చడానికైతే, మిగతా సగం పాత గుణం పోకుండా కాపాడడానికి. నాకు ఆ రెండో సగమే గొప్పగా తోస్తుంది.

రేపు మీలో ఒకరు బెజవాడ ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టే మేస్త్రీ దగ్గరికి యంత్రం పట్టుకెళ్తారు. ఒకరు కైకలూరు చేపల చెరువు గట్టు మీద సెన్సర్ పెడతారు. ఇంకొకరు పెడన కలంకారీకి ఆన్‌లైన్ బజారు చూపిస్తారు. వెళ్లగానే మీ యంత్రం గొప్ప చెప్పకండి. "మీ పనిలో ఏది పోకూడదు?" అని అడగండి. జవాబు పూర్తయ్యేదాకా వినండి.

ఇక ముగిస్తాను. వంటశాల నుంచి వాసన వస్తుంటే డెల్టా పిల్లలు ఉపన్యాసం వినరని నాకు తెలుసు. శుభం.