ఖాతాలో పేరు ఎవరిది?

(చిల్పూర్‌లో మహిళా సంఘాల లెక్కలు రాసే కార్యకర్తలు, చిన్న వ్యాపారాలు నడిపే స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ నేను మాట్లాడబోయే విషయం కొంచెం పొడిగా అనిపించవచ్చు. చిన్న వ్యాపారాల కంప్యూటర్ లెక్కల్లో ఖాతాదారుల వివరాలను శుభ్రం చేయడం గురించి మాట్లాడతాను. హింస గురించి, కూలి గురించి, భూమి గురించి మాట్లాడుకోవలసినవి ఇన్ని ఉండగా ఇదెందుకని మీరు అడగవచ్చు. కానీ మీలో చాలామంది ఇప్పుడు ఈ పనే చేస్తున్నారు. సంఘం లెక్కలు ట్యాబ్‌లో ఎక్కిస్తున్నారు. కుట్టు కేంద్రంలో, కిరాణం దుకాణంలో, విత్తనాలు, ఎరువుల దుకాణంలో టాలీ ముందు కూర్చుంటున్నారు. అక్కడ కూర్చున్న అమ్మాయి నొక్కే మీటకూ ఇంకొక స్త్రీ అప్పుకూ, ఆమె హక్కుకూ ఉన్న సంబంధాన్ని మీ ముందు ఉంచడం నా ఉద్దేశం.

శుభ్రం చేయడమంటే ప్రధానంగా నాలుగు పనులు. ఒకే మనిషికి రెండు ఖాతాలుంటే కలపడం. చాలాకాలంగా లావాదేవీలు లేని పేర్లు తీసేయడం. చిరునామా, ఫోను నంబరు దిద్దడం. పేరు మార్చడం. ఇవన్నీ అవసరమైన పనులే. ఒకరు కట్టిన డబ్బు ఇంకొకరి ఖాతాలో జమ అయితే ఎక్కువగా నష్టపోయేది రసీదు అడగలేని మనిషే. కాబట్టి తప్పుల్ని అలాగే ఉండనిమ్మని నేను అనడం లేదు. ఏది తప్పో, ఏది చెత్తో ఎవరు తేలుస్తున్నారన్నదే నా ప్రశ్న.

మొదట పేరు సంగతి చూద్దాం. పాత ఉద్దెర పుస్తకంలో దుకాణదారు తన గుర్తు కోసం రాసుకునేవాడు: ఫలానా మల్లయ్య భార్య, బడి వెనక సారయ్య తల్లి. అవి పేర్లు కావు, ఆయన జ్ఞాపకానికి ఆనవాళ్ళు. లెక్కలు కంప్యూటర్‌లోకి మారినప్పుడు ఆ ఆనవాళ్ళే పేర్ల గడిలోకి ఎక్కాయి. టాలీలో ఒకే పేరుతో రెండు ఖాతాలు తెరవడం కుదరదు. మన ప్రాంతంలో అన్నారం యాకూబ్ బాబా దర్గాకు మొక్కుకుని పెట్టుకున్న యాకమ్మలు ఎందరు! కొమురమ్మలు, సమ్మక్కలు ఎందరు! రెండో యాకమ్మ దుకాణానికి రాగానే ఆమె పేరు పక్కన భర్త పేరో, కులం పేరో, ఒక అంకెో చేరుతుంది. యాకయ్య పేరు పక్కన 'యాకమ్మ మొగడు' అని రాసిన ఖాతా మాత్రం నాకు ఎక్కడా కనబడలేదు.

దీనికి తోడు అక్షరాల చిక్కు ఉంది. లక్ష్మిని ఇంగ్లీషులో ఒకరు ఎక్స్‌తో రాస్తారు, ఇంకొకరు కె, ఎస్, హెచ్‌లతో రాస్తారు. పెళ్ళికి ముందు ఒక ఇంటిపేరు, తర్వాత ఇంకొకటి. ఆధార్‌లో ఒకటి, బ్యాంకు పుస్తకంలో మరొకటి. యంత్రానికి ఒకే స్త్రీ ముగ్గురుగానూ కనబడుతుంది, ముగ్గురు స్త్రీలు ఒకరుగానూ కనబడతారు.

ఈ జిల్లాలోనే ఉన్న పాలకుర్తి ఐలమ్మను తలచుకోండి. విస్నూరు దేశ్‌ముఖ్‌కు ఎదురు నిలిచి తాను సాగుచేస్తున్న కౌలు భూమిని, పంటను కాపాడుకున్న మనిషి. ఆమె ఇంటిపేరు చిట్యాల. లోకం మాత్రం చాకలి ఐలమ్మ అంది. 2024లో కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయానికి పెట్టింది కూడా ఆ పేరే. కులాన్ని తక్కువ చేసి పిలిచిన పిలుపును ఆ కులంవాళ్ళు గౌరవంగా ఎత్తి పట్టుకున్నారు. ఇప్పుడు ఒక జాబితాలో చిట్యాల ఐలమ్మ, ఇంకో జాబితాలో చాకలి ఐలమ్మ ఉంటే యంత్రానికి ఇద్దరు. మనకు ఒక్కరే. ఈ తేడా చెప్పగలిగేది ఆ మనిషిని ఎరిగినవాళ్ళే. ఏ పేరు ఉంచాలో చెప్పవలసింది ఆ మనిషే.

ఇక చిరునామా. 2014 జూన్ 2కు ముందు చిల్పూర్ ఆంధ్రప్రదేశ్‌లో ఉండేది, తర్వాత తెలంగాణలో ఉంది. 2016 అక్టోబరు 11కు ముందు వరంగల్ జిల్లా, తర్వాత జనగామ జిల్లా. స్టేషన్ ఘన్‌పూర్ మండలం పోయి చిల్పూర్ మండలం అయింది. ఇల్లు కదలలేదు, మనిషి కదలలేదు, చిరునామా మూడు రకాలైంది. పాత ఖాతాను దిద్దకుండా కొత్తది తెరిచిన చోటల్లా ఒకే మనిషికి రెండు ఖాతాలు మిగిలాయి. 2017 జులై 1న జి.ఎస్.టి. వచ్చాక ఇది పన్ను సమస్య కూడా అయింది. తెలంగాణ కోడ్ 36, ఆంధ్రప్రదేశ్ కోడ్ 37. ఖాతాదారు వివరాల్లో పాత రాష్ట్రమే ఉండిపోతే, పక్క ఊరికి అమ్మిన సరుకును సాఫ్ట్‌వేర్ ఇంకో రాష్ట్రానికి అమ్మినట్టు లెక్కగట్టి పన్ను వేస్తుంది. ఇలాంటివి తప్పక దిద్దాలి. ఇందులో ఎవరికీ నష్టం లేదు.

నష్టం కలపడంలో మొదలవుతుంది. ఒకే ఫోను నంబరు ఉన్న ఖాతాలను ఒకటే అనుకోవడం ఈ పనిలో మామూలు పద్ధతి. మన ఇళ్ళలో ఫోను ఎవరిది? భర్తది, లేకపోతే కొడుకుది. అత్తాకోడళ్ళిద్దరూ అదే నంబరు ఇస్తారు. అత్త ఖాతాలో 2,400 రూపాయల బాకీ, కోడలి ఖాతాలో ఏ బాకీ లేదు అనుకుందాం. రెండూ కలిపితే కోడలు బాకీదారు అయిపోతుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఒకసారి కలిపిన ఖాతాలను మళ్ళీ విడదీయలేం. కుటుంబం ఒకటి కాబట్టి అప్పు కూడా ఒకటే అన్న పితృస్వామ్య భావన ఇక్కడ సాంకేతిక సౌకర్యం వేషంలో వస్తుంది.

రెండో నష్టం తీసేయడంలో ఉంది. 'సున్నా బాకీ ఉన్నవన్నీ తీసెయ్' అని యజమాని చెబుతాడు. టాలీలో పద్దులు ఉన్న ఖాతాను తీసేయడానికి వీలుండదు, ముందు ఆ పద్దుల్ని తీసేయాలి. జాబితా చిన్నదవాలన్న తొందరలో ఆ పని కూడా చేసేవాళ్ళున్నారు. వానాకాలం పంటకు ఉద్దెర తెచ్చి, పత్తి అమ్మాక కట్టేసి, మళ్ళీ వానలు పడేదాకా దుకాణం వైపు రాని స్త్రీ మాయమైపోయిన ఖాతాదారు కాదు. భూమి పట్టా లేని, కౌలుకు చేసుకునే స్త్రీకి సకాలంలో బాకీ తీర్చిన చరిత్రే పూచీకత్తు. దాన్ని తుడిచేస్తే వచ్చే ఏడు ఆమె కొత్త మనిషి అవుతుంది. కొత్త మనిషికి ఉద్దెర పుట్టదు.

మూడో నష్టం అన్నిటికంటే పెద్దది, పేరు మార్చడం. టాలీలో ఖాతా పేరు మార్చితే పాత పద్దులన్నీ కొత్త పేరుతోనే కనబడతాయి. భర్త చనిపోయాడు, ఎరువుల దుకాణంలో ఆయన ఖాతా ఉంది. భార్య పేరు అక్కడ టైపు చేస్తే సరి, ఆయన మూడేళ్ళ కింద తెచ్చిన పురుగుమందు కూడా ఆమే తెచ్చినట్టు అవుతుంది. చట్టం ఇలా చెప్పదు. చనిపోయిన మనిషి అప్పుకు వారసుల బాధ్యత, ఆయన నుంచి తమకు సంక్రమించిన ఆస్తి మేరకే. ఆమె స్వయంగా హామీ సంతకం పెట్టి ఉంటే అది వేరు. చట్టం గీసిన ఈ గీతను ఒక చిన్న మార్పు చెరిపేస్తుంది.

ఉమ్మడి వరంగల్ జిల్లాలో దీని అర్థం మనకు బాగా తెలుసు. 1997-98లో పత్తికి పురుగు పట్టి, పురుగుమందుల దుకాణాల అప్పులు తీర్చలేక రైతులు ప్రాణాలు తీసుకున్న నేల ఇది. 2004లో వచ్చిన జి.ఓ. 421 ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్ష రూపాయలు, అప్పుల పరిష్కారానికి మరో 50 వేలు ఇవ్వాలంది. 2015లో తెలంగాణ ప్రభుత్వం దాన్ని 6 లక్షలకు పెంచింది. అది అందాలంటే ఆయనకు అప్పు ఉండిందని అధికారుల కమిటీకి చూపాలి. ప్రైవేటు అప్పుకు రుజువు దుకాణం లెక్క తప్ప ఇంకేముంటుంది? ఆ లెక్కలో ఆయన పేరు పోయి ఆమె పేరు చేరితే, అప్పు మీదపడుతుంది, రుజువు చేజారుతుంది. ఎవరూ దురుద్దేశంతో చేయనక్కరలేదు. జాబితా శుభ్రంగా ఉండాలన్న కోరిక చాలు.

ఇదే పని ప్రభుత్వం చేస్తే ఎంత దూరం పోతుందో చూశాం. తెలంగాణలో రేషన్ కార్డుల ఏరివేతలో దాదాపు 19 లక్షల కార్డులు రద్దయ్యాయి. వాటిని క్షేత్రస్థాయిలో మళ్ళీ పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఇంటికి వెళ్ళి అడగకుండా మనిషిని జాబితాలోంచి తీయకూడదన్న చిన్న సూత్రం కోసం అంత దూరం వెళ్ళవలసి వచ్చింది. మన దుకాణంలో, మన సంఘంలో ఆ సూత్రాన్ని పాటించడానికి కోర్టు అక్కరలేదు.

లెక్కలు ఎక్కించే అమ్మాయి సంగతి కూడా చెప్పాలి. ఇల్లు శుభ్రం చేయడం ఎలా ఆడవాళ్ళ పని అయిందో, లెక్కలు శుభ్రం చేయడం అలాగే తక్కువ జీతపు ఆడపిల్లల పని అవుతోంది. ఏది ఉంచాలో తేల్చే అధికారం ఆమెకు ఉండదు. తప్పు దొరికితే మాట పడేది మాత్రం ఆమే. అందుకే నిర్ణయాలు కాగితం మీద ఉండాలి. అవి ఖాతాదారునూ కాపాడతాయి, ఆ అమ్మాయినీ కాపాడతాయి.

నా ప్రతిపాదనలు ఇవి. మొదలుపెట్టే ముందు మొత్తం లెక్కల నకలు తీసి వేరుగా దాచండి. పాత జాబితాను అచ్చు తీయండి. ఒకేలా కనబడే ఖాతాలను తెర మీద చూసి కలపకండి. ఇద్దరినీ పిలిచి, ఎవరి బాకీ ఎంతో చదివి వినిపించి, వాళ్ళు ఒప్పుకున్నాకే ఏదైనా చేయండి. స్త్రీని ఆమె సొంత పేరుతో రాయండి. పిలుపు పేరు, పాత ఇంటిపేరు రాసుకోవడానికి టాలీలో మారుపేరు గడి ఉంది, వాడండి. ఇద్దరు యాకమ్మలను వేరు చేయడానికి భర్త పేరుకు బదులు ఖాతా నంబరు, ఊరు వాడండి. లావాదేవీలు లేని ఖాతాలను తీసేయకుండా వేరే గుంపులోకి మార్చండి. జి.ఎస్.టి.లో నమోదైన వ్యాపారమైతే, వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు లెక్కలు భద్రపరచడం ఎలాగూ చట్టం పెట్టిన బాధ్యత. మనిషి చనిపోతే ఆ ఖాతాను ఆ పేరుతోనే, ఆ తేదీతోనే ఆపండి. భార్య కొత్తగా ఉద్దెర తీసుకుంటే కొత్త ఖాతా తెరవండి. ఏ మార్పు ఎవరు, ఎప్పుడు, ఎందుకు చేశారో ఒక నోటుపుస్తకంలో రాసి సంతకం పెట్టండి. కంపెనీల లెక్కల సాఫ్ట్‌వేర్‌లో మార్పుల చిట్టా ఉండడం 2023 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి అయింది. చిన్న దుకాణానికి ఆ నియమం వర్తించదు కానీ, ఆ పద్ధతి మంచిది.

కార్యకర్తలకు ఇంకో మాట. మైక్రోఫైనాన్స్ అప్పుల వివరాలు క్రెడిట్ బ్యూరోలకు వెళ్తాయి. అక్కడ ఒకరి బకాయి ఇంకొకరి పేరు మీద పడితే ఆమెకు కొత్త అప్పు రాదు. ఏడాదికి ఒకసారి తన నివేదికను ఉచితంగా అడిగే హక్కు ప్రతి ఒక్కరికీ ఉంది. తప్పు ఉందని ఫిర్యాదు చేస్తే 30 రోజుల్లో పరిష్కరించాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలన్న రిజర్వు బ్యాంకు నియమం 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. ఈ ఫిర్యాదు రాయడంలో సాయపడటం ఇప్పుడు మన పనుల్లో ఒకటి కావాలి.

మీ తర్వాతి సంఘ సమావేశంలో ఒక గంట దీనికి ఇవ్వండి. ఖాతాల జాబితా పైకి చదవండి. ప్రతి స్త్రీ తన పేరు ఎలా రాసి ఉందో, తన పేరు మీద ఎంత ఉందో వినాలి. ఇది నా పేరు కాదు, ఇది నా అప్పు కాదు అని ఎవరైనా అంటే, ఆ మాటను ముందు రాసుకోండి. కంప్యూటర్‌లో దిద్దడం ఆ తర్వాత.