పాము కంటే ముందు పాము ఇల్లు

పాలకొల్లు పొలంగట్ల మీద తిరిగే జెర్రిపోతునో, నాగుపామునో పట్టి పెంచుకోవడానికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. ఎలుకల్ని తిని మన వరిని కాపాడే జీవాలవి, వాటి దారిన పోనివ్వండి. పెంచదగ్గది ఆఫ్రికా బాల్ పైథాన్ లాంటి విదేశీ పాము. దానికీ 2024 నిబంధనల ప్రకారం కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు తప్పనిసరి.

పాము రాకముందే ఇల్లు సిద్ధం కావాలి. పామంత పొడవున్న పెట్టె, గట్టిగా బిగిసే మూత, గాలి రంధ్రాలు. ఒక కొసన 32 డిగ్రీలు, రెండో కొసన 26. పాము తన ఒంటి వేడిని చోటు మారుతూ సర్దుకుంటుంది. అందుకే రెండు కొసలా దాక్కోవడానికి చాటు ఉండాలి. ఒకవైపే ఉంటే, వేడి సరిపడకపోయినా భయంకొద్దీ అక్కడే పడి ఉంటుంది. పెట్టెను వేడిచేసే హీట్ మ్యాట్‌కు వేడిని అదుపుచేసే థర్మోస్టాట్ లేకపోతే పాము పొట్ట కాలే ప్రమాదం ఉంది.

మన దగ్గర మే నెలలో పెట్టెను చల్లబరచడమే అసలు కష్టం. రేకుల షెడ్డులో, ఎండ పడే కిటికీ పక్కన పెట్టె ఉంచకండి. అడుగున కడిగి ఆరబెట్టిన కొబ్బరి పొట్టు పరిస్తే చెమ్మ నిలుస్తుంది. కొబ్బరి పొట్టుకు మన ప్రాంతంలో కొదవేముంది! వానలు మొదలయ్యాక మాత్రం పొట్టుకు బూజు పట్టిందేమో చూసుకుంటూ, పట్టగానే మార్చేయండి.