పేరుగలవారి మోటారు నేరములు, వారికి పడు శిక్షలు
(మారికుప్పములో జరిగిన మన సంఘ సభయందలి ప్రసంగ పాఠము)



కిందటి సభలో మన యువకులిద్దరు ఒక సినిమా నటుని విషయమై వాదులాడుకొని, సభ ముగిసిన పిమ్మట వీధిలోను ఆ వాదమును విడువలేదు. పేరుగలవాడు బండి నడుపుటలో తప్పు చేసినచో అధికారులు చూచీచూడనట్లు విడిచిపెట్టుదురని ఒకరు. కాదు, పేరున్నందుననే వానిని వీధికీడ్చుచున్నారని మరియొకరు. ఈ విషయమై నాలుగు మాటలు చెప్పవలెనని కార్యవర్గమువారు మమ్ము కోరిరి. మేము న్యాయశాస్త్రము చదివినవారము కాము. మెట్రిక్యులేషనుతో చదువు చాలించి తక్కెడ పట్టినవారము. తూకమును గూర్చి మాత్రము కొంత తెలియును.

2018 నూతన సంవత్సరపు రాత్రి హైదరాబాదు జూబ్లీహిల్సులో టెలివిజన్ వ్యాఖ్యాత ప్రదీప్ మాచిరాజు మద్యము సేవించి కారు నడుపుచు పోలీసు తనిఖీలో దొరకెను. తండ్రిని వెంటబెట్టుకొని పోలీసువారి హితబోధకు హాజరయ్యెను. ఆ నెలలోనే నాంపల్లి కోర్టువారు 2,100 రూపాయలు జరిమానా వేసి, మూడేండ్లు లైసెన్సును నిలిపివేసిరి. అప్పటి చట్టము ప్రకారము మొదటి తప్పునకు జరిమానా 2,000 రూపాయలకు మించదు. 2019లో చట్టమును సవరించి దానిని 10,000 రూపాయలకు పెంచిరి. కావున కోర్టువారు ఆయనను విడిచిపెట్టినారనుట సరికాదు. ఇక వీధికీడ్చిన మాట నిజమే. అదే రాత్రి ఆ నగరమున పట్టుబడిన తక్కినవారి పేర్లు మనకెవరికిని తెలియవు. ఈయన ముఖమును మాత్రము దినములతరబడి తెరపై చూపిరి.

అయినను ఇందులో మరియొక సంగతి కలదు. మా అంగడి సరకుల బండి నడుపు మనిషి యొకడు కొన్నేండ్ల క్రిందట ఇదే తప్పునకు పట్టుబడెను. జరిమానా కట్టెను, ఆరు నెలలు లైసెన్సు పోయెను. ప్రదీప్ సంగతి మేము ప్రస్తావించి, “చూచితివా, అంతటివానికే మూడేండ్లు పోయినది” అని ఓదార్చబోగా వాడు, “ఆయప్పకు లైసెన్సు పోతే ఇంకొకడు తోలతాడు సామీ, నాకు పోతే కూడే పోతుంది” అనెను. మేము మారుమాటాడలేదు. ఆ ఆరునెలలు వానిని మూటలు మోయు పనికి పెట్టుకొంటిమి. కూలి సగమాయెను, వాని కుమార్తె చదువు ఆ సంవత్సరము ఆగిపోయెను. శిక్ష ఒక్కటే, బరువు మాత్రము వేరు.

జరిమానాల సంగతియు అట్టిదే. కారు అద్దములకు నల్లని పొర అంటించరాదని 2012లో సుప్రీంకోర్టు ఆజ్ఞాపించెను. 2022లో హైదరాబాదు పోలీసువారు నటుడు అల్లు అర్జున్ కారునకు ఈ తప్పుక్రింద 700 రూపాయలు జరిమానా వేసిరి. పోలీసువారు తమ పని చేసిరి, సంతోషమే. కాని కోట్లు గడించు నటునికి 700 రూపాయలనగా ఏమి? మన రాబర్ట్‌సన్‌పేట ఆటో నడుపువానికి అది ఒకనాటి సంపాదన. ఫిన్లాండు దేశములో ఈ చిక్కు తెలిసి, వేగము మితిమీరిన నేరములకు మనిషి ఆదాయమును బట్టి జరిమానా కట్టుదురు. 2023లో అక్కడి ఒక ధనికవ్యాపారి 50 కిలోమీటర్లు మించరాని చోట 82 కిలోమీటర్ల వేగముతో పోయి 1,21,000 యూరోలు చెల్లింపవలసివచ్చెను. వ్యాపారులమైన మాకు ఆ వార్త చదివినప్పుడు కొంత గుండె జల్లుమన్న మాట దాచము.

ప్రాణములు పోయిన నేరములలో తూకము మరింత తప్పును. 2002 సెప్టెంబరు 28వ తేదీ తెల్లవారుజామున బొంబాయి బాంద్రాలో ఇంటిలేక బయట నిద్రించుచున్న కూలీలపై కారు ఎక్కి ఒకరు మరణించిరి, నలుగురు గాయపడిరి. కారు నడిపినది నటుడు సల్మాన్ ఖాన్ అని అభియోగము. 2015 మే 6న సెషన్సు కోర్టు ఐదేండ్ల శిక్ష విధింపగా, అదే దినమున హైకోర్టులో బెయిలు దొరకెను. ఆ డిసెంబరులో అభియోగము నిస్సందేహముగా ఋజువు కాలేదని హైకోర్టు ఆయనను విడుదల చేసెను. తీర్పును మేము ఆక్షేపింపము. పదమూడేండ్లు వేచియుండుటకును, శిక్ష పడిన పూటనే పెద్ద వకీళ్లను నిలబెట్టుటకును ఎందరికి శక్తి కలదని మాత్రమే అడుగుచున్నాము.

మన తెలుగునటుడు సాయి ధరమ్ తేజ్ సంగతి వేరు. 2021 సెప్టెంబరు 10న హైదరాబాదు దుర్గము చెరువు తీగల వంతెన దాటి మోటారు సైకిలుపై పోవుచు జారిపడి, తానే తీవ్రముగా గాయపడెను. ఆసుపత్రిలో స్పృహ లేకయున్నను పోలీసువారు కేసు వ్రాసిరి. రోడ్డుపై ఇసుక పేరుకొన్నది గదా, ఆ బాధ్యత యెవరిదని అనేకులు అడిగిరి. అడుగవలసిన ప్రశ్నయే. శిరస్త్రాణము ధరించియుండుట ఆయనకు మేలు చేసెను. మన పిల్లలు ఆయన చిత్రము విడుదలైన దినమున ముగ్గురేసి ఒకే బండిపై, తలపై ఏమియు లేక, జెండాలు పట్టుకొని ఊరేగుదురు!

2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరని కేంద్రప్రభుత్వపు లెక్క. వారిలో పేరుగలవారు వ్రేళ్లపై లెక్కింపదగినంతమందే.

ఇక మేము చెప్పవలెనని వచ్చిన సంగతి. సినిమావారిని మాత్రమే పేరుగలవారనుకొనుట పొరపాటు. ఈ గనుల ఊరిలో దొరలకొక క్లబ్బు, కూలీలకు లైన్లు అని రెండు కొలతలుండుట మన తాతలు చూచిరి. 2001లో గనులు మూతపడినవి. కొలతలు మాత్రము మూతపడలేదు. మన సంఘములోనే పేరుగల కుటుంబములున్నవి, మాది ఒకటి. రెండు నెలల క్రిందట మన సభ్యుని కుమారుడు రాత్రివేళ మోటారు సైకిలు వేగముగా నడిపి, రైలుబండి దిగి ఇంటికి నడచిపోవుచున్న వృద్ధుని గ్రుద్దెను. మరునాడుదయము మమ్ము ఒక ఉత్తరము కోరిరి: బాలుడు మంచి కుటుంబమువాడు, సంఘము పూచీ అని. మేము వ్రాయలేదు. అందుపై కొందరు పెద్దలు మాతో మాటలాడుట మానిరి.

వారి కోపమునకు కారణము కలదు. ఏడేండ్ల క్రిందట మరియొకరి కుమారునికి అట్టి ఉత్తరమునే మేము వ్రాసియుంటిమి. సంఘపు ముద్ర వేసి, స్వయముగా తీసికొనిపోయి ఇచ్చితిమి. ఆనాడు దెబ్బతిన్న కూలివాని పేరైనను మేము అడుగలేదు. “అప్పుడు వ్రాసిన చేయి ఇప్పుడేల వ్రాయదు?” అని ఇప్పటి తండ్రి అడిగెను. అప్పుడు వ్రాయుట తప్పనియే చెప్పితిమి. ఆ జవాబు ఆయనకు రుచింపలేదు. రుచింపవలెనని మేము కోరలేము. 2024లో పూనాలో ధనికుని కుమారుడు ఇద్దరి మరణమునకు కారకుడై, మూడువందల మాటల వ్యాసము వ్రాయవలెనను షరతుపై తొలుత బెయిలు పొందినప్పుడు మనమందరము ఎంతగా మండిపడితిమో ఈ సభవారికి జ్ఞాపకముండును.

బాలుని పక్షమున వకీలును పెట్టుకొనుటకు తండ్రికి పూర్తి హక్కు కలదు; అందుకు మేము అడ్డుపడము. సంఘపు ముద్ర మాత్రము కార్యదర్శిగారికి అప్పగించితిమి. ఇట్టి ఉత్తరములకు దానిని వాడరాదని వచ్చే సభలో తీర్మానము ప్రవేశపెట్టుదుము. వ్యతిరేకించువారు తప్పక వచ్చి మాటలాడవలెను.

ఆ వృద్ధుని కాలికట్టు ఇంకను విప్పలేదు. మునుపు ఆయన బెంగుళూరులో ఒక కట్టడమునకు రాత్రి కాపలా కాయుచుండెను. ఇప్పుడు ఆ పని లేదు. ఆదివారము ఉదయము ఎనిమిది గంటలకు మేము ఆయన ఇంటికి పోవుచున్నాము. రాదలచినవారు మా అంగడియొద్దకు వచ్చినచో కలసి పోవచ్చును.