కంటిలోని రికార్డు రూము
(మచిలీపట్నంలో జరిగిన విశ్రాంత ఉద్యోగుల వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను శాస్త్రజ్ఞుణ్ణి కాను. ముప్పైమూడేళ్లు ఫైళ్లతో కాలం గడిపిన గుమాస్తాను. పోయిన ఏడాది ఎడమకంటికి శుక్లం ఆపరేషను అయ్యాక, అసలు ఈ శుక్లం ఎందుకు వస్తుందని నలుగురిని అడిగి, చదివి తెలుసుకొన్న సంగతులు మనవి చేస్తాను.

1977 నవంబరు 19 నాటి ఉప్పెన మనమెవరమూ మరువలేనిది. అప్పుడు నేను గుడివాడలో ఎల్.డి.సి.ని, ఇరవై అయిదేళ్లవాణ్ణి. సహాయ కార్యక్రమాల డ్యూటీ మీద దివిసీమకు పంపారు. వేలాది ప్రాణాలు పోయిన చోట కాగితాల మాట ఎత్తడానికి మొహమాటంగానే ఉంది. కాని ఒక కచేరీలో చూసిన దృశ్యం నేటికీ కళ్లలో ఉంది. ఉప్పునీట నానిన రిజిస్టర్ల పుటలు ఒకదానికొకటి అంటుకొని ముద్దలవుతున్నాయి. ముసలి అటెండరు ఒకాయన తడి ఆరకముందే ఒక్కొక్క పుటా విడదీసి, మధ్యలో పొడి కాగితం పెడుతున్నాడు. "అట్ట కట్టిందంటే ఇక రాదు బాబూ" అన్నాడు. ఆయన చెయ్యి పడినవి దక్కాయి. తక్కినవి పారబోశాము.

మన కణాలలోనూ ఇదే జరుగుతుంది. ప్రొటీన్లు సరైన మడతలో ఉంటేనే పనిచేస్తాయి. వేడి తగిలినా, వయసు మీదపడినా మడత చెడి ఒకదానికొకటి అంటుకొంటాయి. గుడ్డులోని సొన ఉడికి తెల్లబడడం అటువంటిదే. వేడి తగలగానే పండు ఈగ కణాలలో కొన్ని జన్యువులు మేల్కొంటాయని ఇటలీ శాస్త్రజ్ఞుడు ఫెరుచ్చో రిటోసా 1962లో ప్రకటించారు. ఆ జన్యువులు తయారుచేయించేవి కాపుకాసే ప్రొటీన్లని తరువాత తేలింది. అవే మన అటెండర్లు.

ఇక కంటి కటకం సంగతి. మన ఆఫీసుల్లో కొంతకాలానికి తీసివేసే ఎల్.డిస్. కాగితాలు, శాశ్వతంగా ఉంచే ఆర్.డిస్. కాగితాలు ఉండేవి కదా! శరీరంలో చాలా ప్రొటీన్లు ఎల్.డిస్.లే, పాతవి పోయి కొత్తవి వస్తాయి. కటకం నడిబొడ్డున ఉన్నవి మాత్రం ఆర్.డిస్.లు. మనం పుట్టకముందు తయారైనవే చివరిదాకా ఉంటాయి. వాటిని కాపాడే అటెండరు ఆల్ఫా క్రిస్టలిన్. ఈ సంగతి 1992లో అమెరికాలో జోసెఫ్ హార్విట్జ్ చూపించారు.

దీనిపై మన హైదరాబాదు సి.సి.ఎం.బి.లో ఏళ్ల తరబడి పరిశోధించినవారు డాక్టర్ చింతలగిరి మోహనరావుగారు. 2009 నుంచి 2016 వరకు ఆ సంస్థకు డైరెక్టరుగా ఉన్నారు. భట్నాగర్ పురస్కారం పొందారు. వేడి పెరిగినప్పుడు ఈ ప్రొటీను తన కట్టును కొంత మార్చుకొని, మరింత బాగా పనిచేస్తుందని 1990లలో ఆయన, సహచరులు చూపించారు. ఆపద వచ్చినప్పుడు నడుం బిగించే నౌకరు అన్నమాట! ఈ ప్రొటీనులో ఒక రకం గుండెలోనూ, కండరాలలోనూ ఉంది. 1998లో ఒక ఫ్రెంచి కుటుంబంలో అందులోని ఒకే ఒక్క మార్పు కండరాల జబ్బునూ, శుక్లాన్నీ తెచ్చిందని తేలింది. ఆ మార్పుతో ప్రొటీను కట్టు చెడి, కాపుకాసే శక్తి పోతుందని మరుసటి ఏడు మోహనరావుగారి బృందం వివరించింది.

మనలాంటివారికి ఆ మార్పు లేకపోయినా, ఏళ్లు గడిచేకొద్దీ కటకంలో పనికివచ్చే అటెండర్లు తగ్గిపోతారు. కొత్తవారిని వేసుకొనే వీలు లేదు. అందుకే మసక.

ఇది తెలియక నేను రెండేళ్లు మసకను దాచాను. ఎవరో చెప్పిన చుక్కలు వేసుకొన్నాను. ఒక రాత్రి మా ఇంటావిడ మాత్రకు బదులు నా షుగరు మాత్ర ఆమెకు ఇచ్చాను. తెల్లవారుజామున చెమటలు పట్టి, పలకలేకపోయింది. పంచదార నీళ్లు తాగించి ఆస్పత్రికి పరుగెత్తాము. దైవం చల్లగా చూసింది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. ఆ వారమే ఆపరేషనుకు పేరిచ్చాను.

శుక్లాన్ని కరిగిస్తుందని రుజువైన చుక్కల మందు నేటికీ లేదు. పరిశోధన సాగుతోంది. ఈలోగా మసకబారిన కటకం తీసి కృత్రిమ కటకం పెట్టించుకోవడమే మార్గం. మీలో ఎందరు దాస్తున్నారో నాకు తెలియదు. ఇంటికి వెళ్లి ఒక కన్ను మూసి క్యాలెండరు చూడండి. తరువాత రెండవ కన్ను మూసి చూడండి. తేడా ఉంటే డాక్టరుగారి దగ్గరకు వెళ్లండి. నా కుడికన్ను ఆపరేషను వచ్చే నెల. తోడు వచ్చేవారుంటే కలిసి వెళదాము.

సెలవు.