ఏం చూసి కొంటున్నారు? – షేర్ల సమాచారం ఇచ్చే సైట్ల గురించి మా సంఘం అనుభవం
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం లీడరు చేసిన ప్రసంగం)



ప్రతి ఏడూ ఈ సభలో పొదుపు ఎంత, రికవరీ ఎంత, స్త్రీనిధి ఎంత అని చదివి కూర్చుంటాం. ఈసారి ఎ.పి.ఎం. గారు "మీ సంఘంలో జరిగింది చెప్పండి, నలుగురికీ పనికొస్తుంది" అన్నారు. పొదుపు సంఘం వాళ్ళకి షేర్ల గొడవ ఎందుకని కొందరికి నవ్వు రావచ్చు. మేమూ మొదట్లో నవ్వినవాళ్ళమే.

మా సంఘంలో పదకొండు మందిమి. పోయిన ఏడాది ఒక అక్క గేదె కొంటానని 60 వేలు అప్పు తీసుకుంది. ఆమె పేరు చెప్పం. ఆమె ఈ సభలోనే ఉంది, జరిగింది చెప్పమని తనే అంది. గేదె రాలేదు. కొడుకు ఆ డబ్బు ఫోనులో ఆప్షన్లలో పెట్టాడు. మూడు వారాల్లో 60 వేలకి నాలుగు వేలు మిగిలాయి. నెలకి 2,900 వాయిదా. ఆ అక్క కట్టలేకపోయింది. సంఘం పేరు బ్యాంకులో చెడిపోకూడదని మిగతా పది మందిమి తలా 290 వేసుకుని మూడు నెలలు కట్టాం. అందులో ఇద్దరు రొయ్యల షెడ్డులో ఆ రోజు కూలి తెచ్చి అలాగే ఇచ్చేశారు. కోపం రాలేదంటే అబద్ధం. రెండు మీటింగులు అరుపులతోనే గడిచిపోయాయి.

మూడో మీటింగుకి ఆ అబ్బాయిని పిలిపించాం. ఏం చూసి పెట్టావురా అని అడిగితే ఫోను తీసి ఒక టెలిగ్రామ్ ఛానెల్ చూపించాడు. నిండా లాభం వచ్చినవాళ్ళ ఫోటోలే. నష్టం వచ్చిన ఫోటో ఒక్కటి లేదు. "ఇదే నా రీసెర్చి పిన్నీ" అన్నాడు. పాపం, వాడు అబద్ధం చెప్పలేదు. అదే రీసెర్చి అనుకున్నాడు.

అప్పుడు తెలిసింది ఏంటంటే, మా పదకొండు ఇళ్ళలో నాలుగు ఇళ్ళల్లో పిల్లలు ఫోనులో షేర్లు కొంటున్నారు. మనం వద్దంటే మానరు, మనకి చెప్పడం మానేస్తారు. అందుకని మీటింగు అయ్యాక అరగంట కూర్చుని అసలు ఈ సమాచారం ఎక్కడ దొరుకుతుంది, ఏది నమ్మొచ్చు, ఏది నమ్మకూడదు అని చూడటం మొదలుపెట్టాం. ఇంటర్ చదివే మా అమ్మాయి చదివి పెట్టేది, ఆ అబ్బాయి ఫోను పట్టుకునేవాడు.

ముందుగా ఆ టెలిగ్రామ్ ఛానెల్ సంగతే తేల్చుకున్నాం. డబ్బు తీసుకుని ఏ షేరు కొనాలో చెప్పే ఎవరికైనా సెబీ దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. సెబీ అంటే షేర్ల మార్కెట్ మీద ప్రభుత్వం పెట్టిన కాపలా సంస్థ, 1992 చట్టంతో దానికి అధికారాలు వచ్చాయి. రీసెర్చ్ అనలిస్టు అయితే ఆ నంబరు ఐ.ఎన్.హెచ్. అనే అక్షరాలతో మొదలవుతుంది, పెట్టుబడి సలహాదారు అయితే ఐ.ఎన్.ఎ. తో. నంబరు ఉంటే సరిపోదు, వేరేవాళ్ళ నంబరు పెట్టుకునేవాళ్ళూ ఉంటారు. సెబీ వెబ్‌సైటులో జాబితా ఉంది, అందులో నంబరూ పేరూ రెండూ కలవాలి. మన ఛానెల్‌కి నంబరే లేదు. రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలు ముందే పెట్టి ఉంటే ఈ ప్రసంగం ఉండేది కాదు.

ఇంకో సంగతి కూడా సెబీ కాగితాల్లోనే దొరికింది. ఫ్యూచర్లు, ఆప్షన్లు చేసిన మామూలు మనుషుల్లో నూటికి 93 మంది 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్ళలో నష్టపోయారని 2024 సెప్టెంబరులో సెబీ చెప్పింది. ఆ లెక్కలో ఉన్నవాళ్ళు కోటి మంది పైనే. సగటున మనిషికి సుమారు 2 లక్షల నష్టం. ఇది విని ఆ అక్క, "అయితే నా కొడుకు ఒక్కడే వెర్రివాడు కాదన్నమాట" అంది. అందరం నవ్వాం. చాలా రోజుల తర్వాత ఆమె కూడా నవ్వింది.

తర్వాత అసలు సైట్లు. మనీకంట్రోల్ చూశాం. రేట్లు, వార్తలు వెంటనే తెలుస్తాయి, ప్రకటనలు ఎక్కువ. వార్త ఏదో, ఎవరో బ్రోకరు "కొనండి" అని చెప్పిన మాట ఏదో విడదీసుకుని చదవాలి. ట్రేడింగ్‌వ్యూలో అన్నీ గీతలు, ఎర్ర కడ్డీలు, పచ్చ కడ్డీలు. పిల్లలకి అది బాగా నచ్చుతుంది. నిన్నటి రేటు ఎలా నడిచిందో అది చెబుతుంది కానీ కంపెనీ ఏం అమ్ముతుందో, ఎంత అప్పు ఉందో ఆ గీతలో కనపడదు. దాన్ని మేము పక్కన పెట్టాం.

మాకు పనికొచ్చింది స్క్రీనర్ అనే సైటు. ఉచితంగానే చాలావరకు చూపిస్తుంది. కంపెనీ పేరు కొడితే పదేళ్ళ అమ్మకాలు, ఖర్చులు, లాభం, అప్పు ఒకే పట్టీలో వరసగా ఉంటాయి. ఇంగ్లీషే, కానీ అంకెలకి భాష లేదు కదా. మన సంఘం లెడ్జరు చదివే ఆడవాళ్ళు ఆ పట్టీ చదవగలరు, మేము చదివాం.

తెలిసిన వ్యాపారం చూద్దామని మేత కంపెనీ అవంతి ఫీడ్స్ తీశాం. కొవ్వూరులో ఫ్యాక్టరీ ఉన్నదే, దాని సంచులు చెరువు గట్ల మీద చూస్తూనే ఉంటాం. 2017-18లో లాభం బాగా ఉంది, మరుసటి ఏడాది తగ్గింది. ఎందుకో సైటు చెప్పలేదు. రొయ్య రేటు పడిపోయిన సంగతి చెరువుల మీద పనిచేసే మాకు గుర్తే. 2021-22లో అమ్మకాలు పెరిగాయి, లాభం మాత్రం తగ్గింది. అమ్మకం పెరిగితే లాభం ఎలా తగ్గుతుందని మా అమ్మాయి అడిగింది. గేదెలున్న ఒకామె వెంటనే చెప్పింది: "తవుడు రేటు పెరిగితే పాలు ఎన్ని పోస్తే ఏం మిగులుతుంది?" అంతే. రొయ్య మేతలో సోయా పిండి పడుతుంది, ఆ ఏడాది సోయా రేటు మండిపోయింది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసినప్పుడు షెడ్లలో తలలు తీసే మాకు పని రోజులు తగ్గి వెంటనే తెలిసింది. కంపెనీలు మూడు నెలల లెక్క ఇవ్వడానికి, ఆ మూడు నెలలు అయ్యాక 45 రోజుల గడువు ఉంటుంది. సైటులో అంకె వచ్చేది ఆ తర్వాతే. ఇది ఆ షేరు కొనమని చెప్పడం కాదండి, వద్దని చెప్పడమూ కాదు. అంకె ఎలా చదవాలో నేర్చుకోడానికి తీశాం.

అయితే స్క్రీనర్ కూడా కంపెనీ ఇచ్చిన లెక్కనే వరసగా పేర్చి చూపిస్తుంది. లెక్కే తప్పైతే? ఇది మా బుక్ కీపర్ అడిగిన ప్రశ్న. మంచి ప్రశ్న. సత్యం కంప్యూటర్స్ గుర్తుందా? రామలింగరాజు గారిది మన భీమవరం ప్రాంతమే. 2009 జనవరి 7న ఆయనే ఉత్తరం రాసి ఒప్పుకున్నారు, కంపెనీ ఖాతాల్లో చూపించిన నగదులో 5,040 కోట్లు లేనేలేవని. ఆ ఒక్క రోజులో షేరు 179 రూపాయల నుంచి 40 దగ్గరికి పడింది. ఏ సైటులో చూసినా ముందు రోజు వరకు అంకెలు బ్రహ్మాండంగానే ఉండి ఉంటాయి. మన సంఘంలో నెలనెలా పుస్తకాన్ని బ్యాంకు స్టేట్‌మెంటుతో సరిచూస్తాం చూడండి, ఎందుకు విసుగు అనుకుంటాం, అది ఇందుకే. కంపెనీ విషయంలో మనం బ్యాంకుకి వెళ్ళి చూడలేం. అందుకే సైటులో చూసిన అంకెని ఎన్.ఎస్.ఇ., బి.ఎస్.ఇ. వెబ్‌సైట్లలో కంపెనీ దాఖలు చేసిన అసలు కాగితంతో ఒకసారి పోల్చుతున్నాం. ఆడిటరు మధ్యలో తప్పుకున్నాడా, యజమానులు తమ షేర్లు తాకట్టు పెట్టారా అన్నవి కూడా అక్కడ తెలుస్తాయి. తాకట్టు అంటే మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. నగలన్నీ బ్యాంకులో పెట్టినవాడు పెళ్ళికి మెడ బోసిగానే వస్తాడు.

ఇంకోటి చెప్పి ముగిస్తాం. మా అక్క కొడుకు ఏడాదికి ఆరు వేల చందా కట్టే సైటు తీసుకుంటానన్నాడు. పెట్టే డబ్బు ఎంతరా అంటే 20 వేలు అన్నాడు. ఇరవై వేలకి ఆరు వేలు, అంటే నూటికి 30 ముందే పోయినట్టు. సంఘంలో రూపాయి వడ్డీ అంటేనే ఏడాదికి నూటికి 12, దానికే మనం ఎంత ఆలోచిస్తాం! సైటు మంచిదే కావచ్చు, లక్షలు పెట్టేవాడికి గిట్టుబాటు కావచ్చు. ఇరవై వేలవాడికి ఉచితంగా ఉన్నవే చాలు. వాడు అలిగి రెండు రోజులు అన్నం తినలేదు, మూడో రోజు తిన్నాడు.

సంఘంలో రెండు తీర్మానాలు రాసుకున్నాం. సంఘం అప్పు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి డబ్బు ఏదీ షేర్లలోకి పోకూడదు. గేదెకి తీసుకుంటే గేదెని, మిషనుకి తీసుకుంటే మిషనుని నెలలోపు ఇద్దరు సభ్యులు వెళ్ళి చూడాలి. ఇంట్లో పిల్లలు సొంత డబ్బు పెడతామంటే ఆ కంపెనీ పదేళ్ళ పట్టీ అమ్మకి చూపించి, అది ఏం అమ్మి బతుకుతుందో నోటితో చెప్పాలి. ఇప్పటికి ముగ్గురు చెప్పారు. ఒకడు చెప్పలేక మానేశాడు.

ఆ అబ్బాయి ఇప్పుడు ఐస్ ఫ్యాక్టరీలో పనికి వెళ్తున్నాడు. వాయిదాలు నాలుగో నెల నుంచి వాళ్ళే కడుతున్నారు. మేము వేసుకున్న 8,700లో 5,000 తిరిగి వచ్చింది, మిగతాది సంక్రాంతికి ఇస్తామన్నారు. ఏ గ్రామ సంఘమైనా పిలిస్తే మా అమ్మాయీ, ఆ అబ్బాయీ ఫోను పట్టుకుని వస్తారు, ఛార్జీలు ఇస్తే చాలు.